తక్కువ పవర్ హామ్ రేడియోకు ఏ తీగ కట్టాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల చోట్లను బట్టి యాంటెన్నా ఎంపిక, తయారీ

5 వాట్ల రేడియోకూ 100 వాట్ల రేడియోకూ మధ్య తేడా 13 డెసిబెల్స్. అవతలివాళ్ళ ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) మీద అది రెండు పాయింట్లకు కాస్త ఎక్కువ, అంతే. కొత్తగా లైసెన్స్‌తో పాటు కాల్‌సైన్ (రేడియోలో పిలుపు పేరు) వచ్చినవాళ్ళు చాలామంది ఈ తేడాకే టెన్షన్ పడి ఆంప్లిఫయర్ కోసం వెతుకుతారు. ఆ డబ్బూ, ఆ శ్రమా ముందు తీగ మీద పెట్టమని నా సలహా. పవర్ పెంచితే మన మాట మాత్రమే పెరుగుతుంది. యాంటెన్నా బాగుపడితే మన మాటతో పాటు మన వినికిడి కూడా బాగుపడుతుంది.

మోర్స్‌లో 5 వాట్లు, వాయిస్‌లో 10 వాట్ల లోపు పవర్‌తో పనిచేయడాన్ని ప్రపంచమంతా క్యూఆర్‌పీ అంటారు. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) డిజైన్ చేసిన బిట్‌ఎక్స్, మైక్రో బిట్‌ఎక్స్ రేడియోల పుణ్యమా అని మన దగ్గర చాలామంది ఈ పవర్‌తోనే మొదలుపెడుతున్నారు. అలాంటి రేడియో ఒకటి, లైసెన్స్ ఒకటి చేతిలో ఉన్నాయనుకుని ఇక్కడ నుంచి చెబుతున్నాను. లైసెన్స్ లేకుండా వినడం వరకే ఆగండి, ట్రాన్స్‌మిట్ బటన్ నొక్కకండి.

ఏ యాంటెన్నా మంచిదని అడిగితే జవాబు దొరకదు. ఎవరితో మాట్లాడాలి, ఎక్కడ కట్టాలి అని ఈ వరుసలో అడిగితే తీగ దానంతట అదే తేలుతుంది.

1. ముందు దూరం తేల్చుకోండి

నెల్లూరు నుంచి గీత గీసినట్టు కొలిస్తే చెన్నై 150 కిలోమీటర్లు, బెంగళూరు 300, హైదరాబాద్ 360, విశాఖ సుమారు 500. ఒంగోలు నుంచి హైదరాబాద్ ఇంకా దగ్గర, 270 లోపే. మన రోజువారీ మాటలన్నీ ఈ 500 కిలోమీటర్ల లోపే జరుగుతాయి. ఈ దూరానికి సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్ళి, అయనోస్ఫియర్‌కు (సిగ్నల్‌ను తిప్పి పంపే పై వాతావరణ పొరలకు) తగిలి, కిందికి దిగాలి. దానికి 40 మీటర్ల బ్యాండే దిక్కు (బ్యాండ్ పేరులోని మీటర్లు తరంగదైర్ఘ్యం, తీగ పొడవు కాదు). మన దేశంలో ఆ బ్యాండ్ 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు. అదృష్టం ఏమిటంటే పైకి పంపడానికి ఎత్తైన టవర్ అక్కర్లేదు. 40 మీటర్ల డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా లాగిన తీగ) 8, 10 మీటర్ల ఎత్తులో ఉంటే దాని శక్తిలో ఎక్కువ భాగం పైకే పోతుంది.

ఇక్కడ టైము కూడా చూసుకోవాలి. నడి మధ్యాహ్నం డి-పొర (అయనోస్ఫియర్‌లో అన్నిటికంటే కింది పొర) సిగ్నల్‌ను మింగేస్తుంది. 100 వాట్లవాళ్ళకు అది పెద్దగా తెలియదు కానీ 5 వాట్లవాళ్ళకు బాగా తెలుస్తుంది. అందుకని ఉదయం 7 నుంచి 10 వరకు, సాయంత్రం 4 తర్వాత ప్రయత్నించండి. తెల్లవారుజామున పై పొర పలచబడి దగ్గరి ఊళ్ళు మాయమవుతాయి, దూరపు దేశాలు వినపడతాయి.

జపాన్, ఆస్ట్రేలియా, యూరప్ కావాలంటే 20 మీటర్లు, 15 మీటర్లు, 10 మీటర్ల బ్యాండ్లకు వెళ్ళాలి. ఇప్పటి సౌరచక్రం 2024లో శిఖరానికి చేరింది. పై బ్యాండ్లలో చిన్న పవర్‌తో దూరాలు దొరికే కాలం ఇది. కాకపోతే అక్కడ సిగ్నల్ పైకి కాదు, దిగంతం వైపు వాలుగా వెళ్ళాలి. 20 మీటర్ల డైపోల్‌ను సగం తరంగదైర్ఘ్యం ఎత్తున, అంటే 10 మీటర్ల మీద కడితే దాని బలమైన దిశ నేల నుంచి దాదాపు 30 డిగ్రీల వాలులో ఉంటుంది. దూరాలకు అది బాగానే పనికొస్తుంది. 40కీ 20కీ ఒకే 10 మీటర్ల ఎత్తు రెండు రకాలుగా పనిచేయడం మనలాంటి మిద్దె ఇళ్ళవాళ్ళకు పెద్ద సౌకర్యం.

2. చోటు కొలవండి, కరెంటు తీగలు చూడండి

నెల్లూరులో ఇంటి స్థలం అంకణాల్లో చెబుతారు కదా, అంకణం అంటే 72 చదరపు అడుగులు. 20 అంకణాల స్థలం అంటే 1440 చదరపు అడుగులు, ఒంగోలు లెక్కలో 160 గజాలు. 30 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు ఉన్న అలాంటి స్థలంలో మూల నుంచి మూలకు 17 మీటర్ల పైనే వస్తుంది. 40 మీటర్ల ఇన్వర్టెడ్ వీకి (మధ్య ఎత్తుగా, చివరలు కిందికి వాలుగా కట్టే డైపోల్‌కు) నేల మీద కావలసింది సుమారు 15 మీటర్లు. అంటే మామూలు ఇంటి స్థలంలో, ఎదురెదురు మూలలకు లాగితే, ఈ యాంటెన్నా పట్టేస్తుంది. స్థలం చాలదని ముందే వదిలేసేవాళ్ళు ఒకసారి టేపు పెట్టి మూల నుంచి మూలకు కొలవండి.

తర్వాత తల ఎత్తి చుట్టూ చూడండి. వీధిలో 11 కేవీ లైను ఉందా? ఇంటికి వచ్చే సర్వీస్ వైరు ఎటు నుంచి వస్తోంది? నియమం ఒక్కటే: మీ కర్ర విరిగి ఏ వైపు పడినా, మీ తీగ తెగి ఏ వైపు ఎగిరినా కరెంటు తీగను తాకే అవకాశమే ఉండకూడదు. అలా కుదరకపోతే ఆ చోట యాంటెన్నా కట్టకండి. లైను మీదుగా తాడు విసరడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఈ విషయంలో సర్దుబాటు లేదు.

శబ్దం సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. 5 వాట్లతో మాట్లాడేవాళ్ళకు జవాబిచ్చేవాళ్ళలో చిన్న పవర్‌వాళ్ళూ ఉంటారు, వాళ్ళను వినాలంటే మీ చుట్టూ రొద తక్కువుండాలి. సముద్రతీర మండలాల్లో 11 కేవీ లైన్ల పింగాణీ మీద ఉప్పు పేరుకుని సన్నగా స్పార్క్ అవుతూ ఉంటుంది. రేడియోలో అది గరగరమని ఆగకుండా వినపడుతుంది. ఒక మంచి వాన పడ్డాక ఆ గరగర తగ్గిందంటే దొంగ ఎవరో తెలిసినట్టే. రొయ్యల చెరువుల దగ్గర మోటార్ల స్పీడ్ తగ్గించి పెంచే డ్రైవ్‌లు, ఇళ్ళల్లో సోలార్ ఇన్వర్టర్లు, చవక ఎల్ఈడీ బల్బులు మరో రకం రొద చేస్తాయి. ఒక చిన్న రేడియో పట్టుకుని మిద్దె మీద నాలుగు మూలలూ తిరిగి, ఎక్కడ రొద తక్కువో అక్కడ తీగ చివర పెట్టుకోండి.

పడమటి వైపు, కనిగిరి, పొదిలి, ఉదయగిరి ప్రాంతాల్లో ఈ బాధ తక్కువ. అక్కడి కష్టం వేరు: నేల రాయి, ఎర్రమట్టి, ఎండాకాలంలో చెమ్మ ఉండదు. భూమిని ఆధారం చేసుకుని పనిచేసే నిలువు యాంటెన్నాలు అక్కడ పవర్‌ను మట్టిలోనే పోగొడతాయి. చీమకుర్తి గ్రానైట్ మీద ఎర్త్ రాడ్ దిగదు కూడా. ఆ ప్రాంతాలవాళ్ళు డైపోల్ జాతి యాంటెన్నాలకే కట్టుబడి ఉండటం మంచిది, వాటికి ఎర్త్ అక్కర్లేదు.

3. నాలుగు రకాల్లో ఏది?

ఇంట్లో స్థిరంగా ఉండేది, ఒక్క బ్యాండ్‌కు, 500 కిలోమీటర్లు చాలు అనుకుంటే 40 మీటర్ల ఇన్వర్టెడ్ వీ. మధ్యలో ఒకే ఒక్క కర్ర, రెండు చేతులు వాలుగా కిందికి. ట్రాన్స్‌ఫార్మర్ లేదు, ట్యూనర్ (రేడియోకూ యాంటెన్నాకూ పొత్తు కుదిర్చే పెట్టె) లేదు, కాబట్టి మధ్యలో పవర్ తినేవాళ్ళు లేరు. మొదటి యాంటెన్నా ఇదే కట్టండి. నాలుగు బ్యాండ్ల ఆశతో వేరేదానితో మొదలుపెట్టి, పనిచేయనప్పుడు తప్పు తీగలో ఉందో, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉందో, ట్యూనర్‌లో ఉందో తేల్చుకోలేక విసిగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఒకే తీగతో 40, 20, 15, 10 మీటర్లు నాలుగూ కావాలి, కేబుల్ ఒక చివరే తగిలించాలి అంటే ఎండ్‌ఫెడ్ హాఫ్ వేవ్ (ఒక చివర నుంచి పవర్ ఇచ్చే సగం తరంగం తీగ). తోటలోకి, కొండ మీదికి తీసుకెళ్ళడానికి దీన్ని మించింది లేదు. 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత పవర్ వేడిగా పోతుంది, మంచి కోర్‌తో, సరైన చుట్లతో ఆ నష్టాన్ని అదుపులో పెట్టవచ్చు.

సముద్రం పక్కన నిలబడి దూరదేశాలు పట్టాలంటే పావు తరంగం నిలువు తీగ.

నాలుగోది 9:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో, ట్యూనర్‌తో వాడే ఏదో ఒక పొడవు తీగ. నిజానికి ఏదో ఒక పొడవు కూడా కాదు. ఏ బ్యాండ్‌లోనూ సగం తరంగానికి దగ్గర పడని పొడవు ఎంచుకోవాలి, 12.5 మీటర్లు లేదా 17.7 మీటర్లు సాధారణంగా వాడతారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత, ట్యూనర్‌లో కొంత, కేబుల్ మీద తిరిగొచ్చే కరెంటులో కొంత పోతుంది. 100 వాట్లతో ఇది నడుస్తుంది. 5 వాట్లతో నేనైతే వేరే దారి లేనప్పుడే వాడతాను.

4. సరుకు

తీగ: ఇంటి వైరింగ్‌కు వాడే 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు చాలు, పోగులుగా ఉండేది. ఎలక్ట్రికల్ షాపులో 90 మీటర్ల చుట్ట దొరుకుతుంది, రెండు మూడు యాంటెన్నాలకు సరిపోతుంది. తోక తెల్లగా మెరిస్తే గీకి చూడండి, కొన్ని చవక వైర్లలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది, టంకం సరిగా అంటదు. సెంట్రింగ్ పనికి వాడే బైండింగ్ వైరుతో యాంటెన్నా కట్టకండి. ఇనుము హైఫ్రీక్వెన్సీ కరెంటును వేడిగా మార్చేస్తుంది, పైగా ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా తుప్పు పట్టి తెగుతుంది.

కర్ర: ఈ విషయంలో మన తీరం వాళ్ళంత అదృష్టవంతులు లేరు. సరుగుడు తోటలు ఎటు చూసినా ఉన్నాయి. 20 అడుగుల తిన్నని సరుగుడు కర్ర అడితిలో అడిగితే ఇస్తారు. వెదురు ఇంకా తేలిక, కానీ గాలికి ఎక్కువ ఊగుతుంది. ఇనుప పైపు వాడితే తీగ చేతులను దానికి దూరంగా పట్టుకోవాలి, కర్రకు ఆ బాధ లేదు. పల్లెల్లో కొబ్బరి, తాడి చెట్లుంటే తీగ చివరలకు అవి చాలు, చెట్టు ఊగినా తీగ తెగకుండా కాస్త వదులుగా కట్టాలి.

తాడు: చేపల రేవుల్లో వలలకు వాడే ప్లాస్టిక్ తాడు ఉప్పుకీ నీటికీ తట్టుకుంటుంది. మామూలు నైలాన్ సుతిలి ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది.

ఇన్సులేటర్లు: బోరు పనిలో మిగిలిన పీవీసీ పైపు ముక్క, 8 సెంటీమీటర్లు కోసి రెండు చివరలా రంధ్రాలు వేస్తే చాలు.

5. 40 మీటర్ల ఇన్వర్టెడ్ వీ కట్టే పద్ధతి

పొడవు లెక్క: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.14 మీటర్లు, ఒక్కో చేయి 10.07. ప్లాస్టిక్ పొర ఉన్న వైరు, పైగా వాలుగా కట్టేది కాబట్టి చివరికి ఇంతకంటే తగ్గుతుంది. అయినా మొదట పొడుగ్గానే కోయాలి. ఒక్కో చేయి 10.30 మీటర్లు కోయండి. కోసిన తీగను అతికించడం కంటే ఎక్కువున్నదాన్ని తగ్గించడం సులువు.

మధ్య భాగానికి పీవీసీ ఎండ్ క్యాప్ ఒకటి తీసుకోండి. అడుగున బీఎన్‌సీ సాకెట్ (కేబుల్ తిప్పి బిగించే గుండ్రని కనెక్టర్), రెండు పక్కలా స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు, పైన తాడు కట్టే కన్ను. తీగను బోల్టుకు నేరుగా బిగించి వదిలేస్తే గాలికి ఊగి ఊగి అక్కడే తెగుతుంది. ముందు తీగను క్యాప్ రంధ్రంలోంచి రెండుసార్లు తిప్పి ముడి వేయండి, బరువంతా ఆ ముడి మీద పడాలి. ముడి తర్వాత కాస్త వదులు తోక ఉంచి దానికి రింగ్ లగ్ టంకం పెట్టి బోల్టుకు తగిలించండి. టంకం మీద, బోల్టు మీద సిలికాన్ పూయండి. క్యాప్ అడుగున చిన్న రంధ్రం మాత్రం తెరిచి ఉంచండి, లోపల చేరిన చెమ్మ కారిపోవాలి.

కర్రను మిద్దె మీద మెట్లగది గోడకు రెండు చోట్ల క్లాంపులతో బిగించండి. మిద్దె ఎత్తు 3.3 మీటర్లు, దాని మీద 6 మీటర్ల కర్ర. నేల నుంచి 9 మీటర్లు దాటింది. చిటారున చిన్న కప్పీ కట్టి తాడు వేస్తే ప్రతిసారీ కర్ర దించకుండా యాంటెన్నాను దించుకోవచ్చు. ఆ ఒక్క కప్పీ పని మొత్తాన్ని సగం చేస్తుంది, దాన్ని మానకండి. కర్రకు మూడు వైపులా తాళ్ళు లాగి కట్టండి.

రెండు చేతుల చివరలు నేల నుంచి రెండున్నర మీటర్లకు తగ్గకూడదు. పై కొస 9 మీటర్ల దగ్గర, చివరలు రెండున్నర దగ్గర ఉంటే రెండు చేతుల మధ్య కోణం 100 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. ఈ కోణంలో ఇంపీడెన్స్ (హైఫ్రీక్వెన్సీ కరెంటుకు ఎదురయ్యే నిరోధం) రేడియోకు కావలసిన 50 ఓంలకు దగ్గర పడుతుంది. 90 డిగ్రీల కంటే తక్కువకు ముడిస్తే సిగ్నల్ పడిపోతుంది.

ఇక కోత. నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) ఉంటే పని తేలిక, లేకపోతే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కి వస్తోందో తెలిపే సంఖ్య) మీటర్. కేబుల్ తగిలించి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికంటే తక్కువుందో చూడండి. అది 6.90 మెగాహెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం, మనకు కావలసింది 7.10. ఇప్పుడున్న మొత్తం పొడవు 20.60. 20.60ని 6.90తో గుణించి 7.10తో భాగిస్తే 20.02. అంటే 58 సెంటీమీటర్లు తగ్గాలి, ఒక్కో వైపు 29. ఒకేసారి 29 కోయకండి, 20 తగ్గించి మళ్ళీ కొలవండి. 40 మీటర్ల బ్యాండ్‌లో ఒక్కో చేతి నుంచి 10 సెంటీమీటర్లు తగ్గిస్తే ఫ్రీక్వెన్సీ 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది, ఈ లెక్క గుర్తుంచుకుంటే చాలు. కోయడానికి బదులు చివరను వెనక్కి మడిచి తీగకే గట్టిగా చుట్టేసినా దాదాపు అదే ఫలితం. ప్రతి కొలతా యాంటెన్నాను పూర్తి ఎత్తుకు లాగాకే తీసుకోవాలి.

ఎక్కడ ఆపాలి? ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 అంటే 4 శాతం పవర్ వెనక్కి వస్తోందని అర్థం. 2 అంటే 11 శాతం. 1.5 వచ్చాక 1.0 కోసం నిచ్చెన ఎక్కి దిగడం దండగ. ఆ టైములో కర్రను ఇంకో అర మీటరు పైకి లేపండి.

దిశ గురించి ఒక మాట. ఇంత తక్కువ ఎత్తులో 40 మీటర్ల తీగ ఎటు చూసినా పెద్ద తేడా ఉండదు. ఇదే పద్ధతిలో 20 మీటర్లకు కట్టుకుంటే (14.15కి మొత్తం 10.1 మీటర్లు) దిశ చూసుకోండి. తీగ బలం దాని చివరల వైపు కాదు, అడ్డంగా ఉంటుంది. మన జిల్లాల నుంచి యూరప్ వాయవ్యం, ఆస్ట్రేలియా ఆగ్నేయం. తీగను ఈశాన్యం నుంచి నైరుతికి లాగితే రెండూ దొరుకుతాయి.

6. ఎండ్‌ఫెడ్ హాఫ్ వేవ్, ముఖ్యంగా దాని ట్రాన్స్‌ఫార్మర్

ఈ యాంటెన్నాలో తీగ సులువు, ట్రాన్స్‌ఫార్మర్ కీలకం. సగం తరంగం తీగ చివర ఇంపీడెన్స్ రెండు మూడు వేల ఓంలు ఉంటుంది, దాన్ని 50కి దించాలి. చుట్ల నిష్పత్తి 7 అయితే ఇంపీడెన్స్ నిష్పత్తి 49, అంటే 2450 ఓంలు 50 అవుతాయి.

ఎఫ్‌టీ140-43 అనే ఫెర్రైట్ రింగు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పాత టీవీలోంచి, చార్జర్లోంచి పీకిన రింగులు చాలా మంది సూచిస్తారు కానీ వాటి పదార్థం ఏమిటో తెలియదు, 5 వాట్లలో రెండు వాట్లు అక్కడే వేడైపోయినా మనకు కనపడదు. ఎనామిల్ వైరు మాత్రం ఊళ్ళోనే దొరుకుతుంది. బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపుకు వెళ్ళి "అన్నా, 22 గేజ్ ఎనామిల్ ఒక వంద గ్రాములు ఇవ్వు" అంటే తూచి ఇస్తారు. మనకు కావలసింది ఒక మీటరు పైచిలుకే.

చుట్టేటప్పుడు తీగ రింగు రంధ్రంలోంచి ఒకసారి దూరితే అది ఒక చుట్టు. మొదటి కొసను బీఎన్‌సీ బయటి భాగానికి వదలండి. 3 చుట్లు చుట్టాక తీగను తెంపకుండా ఒక మెలిక తిప్పి బయటికి తీయండి, ఎనామిల్ గీకి టంకం పూయండి, ఈ మెలిక బీఎన్‌సీ నడిమి పిన్నుకు వెళుతుంది. అక్కడ నుంచి ఇంకో 18 చుట్లు. మొత్తం 21. చివరి కొస యాంటెన్నా తీగకు. 2 చుట్లు, 14 చుట్లతో కూడా 49 వస్తుంది. కానీ 40 మీటర్ల బ్యాండ్‌లో 2 చుట్ల ఇండక్టెన్స్ తక్కువ పడి కోర్‌లో నష్టం పెరుగుతుంది. చిన్న పవర్‌కు ఈ తేడా వదులుకోదగ్గది కాదు. బీఎన్‌సీ నడిమి పిన్నుకూ బయటి భాగానికీ మధ్య 100 పికోఫారడ్ల సెరామిక్ కెపాసిటర్ పెడితే 15, 10 మీటర్ల బ్యాండ్లు కూడా దారికొస్తాయి.

తీగ తగిలించకముందే ట్రాన్స్‌ఫార్మర్‌ను పరీక్షించాలి. 2.2 కిలో ఓం, 270 ఓం రెసిస్టర్లు వరుసగా కలిపి తీగ చోట పెట్టండి, మొత్తం 2470. బీఎన్‌సీ వైపు నుంచి చూస్తే 7, 14 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.5కు అటూ ఇటూ ఉండాలి. బాగా ఎక్కువ చూపిస్తే చుట్లు మళ్ళీ లెక్కపెట్టండి.

తీగ 20.8 మీటర్లతో మొదలుపెట్టి 7.1 దగ్గరికి కోసుకుంటూ రండి. బీఎన్‌సీ బయటి భాగం నుంచి 2 మీటర్ల చిన్న తీగ ఒకటి నేల మీద వదలండి. అది లేకపోతే ఆ పని కేబుల్ బయటి అల్లిక చేస్తుంది, మైకు ముట్టుకుంటే చురుక్కుమనడం, ల్యాప్‌టాప్ ఆగిపోవడం అప్పుడే మొదలవుతాయి. రేడియో దగ్గర కేబుల్‌ను ఫెర్రైట్ రింగు మీద 10 చుట్లు చుట్టినా ఈ బాధ తగ్గుతుంది. ఇంకో జాగ్రత్త: 5 వాట్లకే ఈ తీగ మొదట్లో 110 వోల్టుల దాకా ఉంటుంది. పిల్లల చేతికి అందేలా కట్టకండి.

అపార్ట్‌మెంట్లో ఉంటే 10 మీటర్ల తీగతో 20 మీటర్ల బ్యాండ్‌కు ఇదే కట్టి, పై మిద్దె నుంచి గోడకు దూరంగా వాలుగా వదలవచ్చు.

7. సముద్రం ఒడ్డున నిలువు తీగ

ఉప్పునీరు దొరికే చోట ఉండి దాన్ని వాడుకోకపోవడం నష్టం. నిలువు యాంటెన్నా వాలు సిగ్నల్‌ను మామూలు మట్టి మింగేస్తుంది, ఉప్పునీరు మాత్రం దాదాపు నష్టం లేకుండా ముందుకు పంపుతుంది. మైపాడు, కొత్తపట్నం, పాకల, ఎక్కడైనా అలల అంచుకు పది మీటర్ల లోపు నిలబెడితే 20 మీటర్ల బ్యాండ్‌లో ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం వైపు ఆ తేడా చెవికి తెలుస్తుంది. జపాన్, ఇండోనేషియా, ఆస్ట్రేలియా ఆ వైపే.

5.05 మీటర్ల తీగను మడతపెట్టే ఫైబర్ గాలం కర్రకు గానీ, వెదురుకు గానీ నిలువుగా కట్టండి. అడుగున కేబుల్ నడిమి తీగను దానికి, అల్లికను 5 మీటర్ల రెండు తీగలకు కలపండి. ఆ రెండింటినీ నేలకు మీటరు ఎత్తున ఎదురెదురు దిక్కుల్లో లాగండి. అంతే, ట్యూనర్ అక్కర్లేదు. లైసెన్స్ కాపీ వెంట ఉంచుకోండి, తీరంలో కొత్త కర్రలు, వైర్లు కనపడితే పోలీసులు అడగడం సహజం. ఇంటికొచ్చాక తీగలన్నీ మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

8. కేబుల్ తినే వాట్లు

5 వాట్లు రేడియోలోంచి బయల్దేరినా యాంటెన్నాకు చేరేది ఎంతో కేబుల్ చెబుతుంది. సన్నని ఆర్‌జీ-174, 30 మీటర్లు, 14 మెగాహెర్ట్జ్ దగ్గర: చేరేది సుమారు 2 వాట్లు. అదే పొడవు ఆర్‌జీ-58 అయితే దాదాపు 3.4. సన్న కేబుల్ బ్యాగులో పెట్టుకుని తిరగడానికి, ఐదారు మీటర్లకే వాడండి. ఇంట్లో ఆర్‌జీ-58, అదీ కావలసినంత పొడవే, మిగిలింది చుట్టగా వేలాడదీయకుండా.

చవకైన మరో దారి డిష్ టీవీలకు వాడే ఆర్‌జీ-6. అది 75 ఓంల కేబుల్, వాలు లేకుండా తిన్నగా కట్టిన డైపోల్ ఇంపీడెన్స్ కూడా 70 చుట్టుపక్కలే, కాబట్టి బాగా కలుస్తాయి. రేడియో దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 చూపించినా ఏమీ కాదు. కొనేటప్పుడు నడిమి తీగ పూర్తి రాగిదేనా అని చూడండి, రాగి పూత పూసిన ఉక్కు అయితే అయస్కాంతానికి అంటుకుంటుంది. దాని అల్లిక అల్యూమినియం, టంకం అంటదు, ఎంత వేడి చేసినా ప్లాస్టిక్ కరుగుతుందే తప్ప అతుకు పడదు. ఎఫ్-కనెక్టర్ బిగించి, దానికి బీఎన్‌సీ అడాప్టర్ పెట్టడమే పద్ధతి.

9. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ఎస్‌డబ్ల్యూఆర్ మంచిగా ఉన్నంత మాత్రాన యాంటెన్నా మంచిదని కాదు, పవర్‌ను బయటికి పంపకుండా వేడిగా మార్చే డమ్మీ లోడ్‌కు కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1 ఉంటుంది. 7.074 లేదా 14.074 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్‌టీ8లో (కంప్యూటర్‌తో నడిచే డిజిటల్ పద్ధతి) కాసేపు పిలిచి, ఇంటర్నెట్‌లో పీఎస్‌కే రిపోర్టర్ మ్యాపులో ఎవరెవరు విన్నారో చూడండి. మోర్స్ వచ్చినవాళ్ళు 7.030 లేదా 14.060 చుట్టుపక్కల సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలిస్తే రివర్స్ బీకన్ నెట్‌వర్క్ స్టేషన్లు మీ సిగ్నల్‌ను డెసిబెల్స్‌లో చూపిస్తాయి. రెండు యాంటెన్నాలను పోల్చాలంటే నిమిషాల తేడాతో మార్చి మార్చి, చాలాసార్లు చూడాలి. ఉదయం ఒకటి, సాయంత్రం ఇంకొకటి పరీక్షించి తీర్పు చెబితే మీరు పోల్చింది ఆకాశాన్నే, తీగలను కాదు.

10. గాలివానల కాలం

ఉరుము వినపడగానే కేబుల్‌ను రేడియో నుంచి తీసి కిటికీ బయట పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు, ఈశాన్య రుతుపవనాల మూడు నెలలూ ఇది అలవాటు కావాలి. మబ్బు లేకపోయినా పొడి గాలికి పొడవాటి తీగ మీద స్టాటిక్ చార్జ్ చేరుతుంది. వాడనప్పుడు కేబుల్ తీసి ఉంచడమే మేలు.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు నెల్లూరు తీరం పొడవునా గాలీ వానా. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు కప్పీ తాడు వదిలి తీగను కిందికి దించండి, కర్రను కూడా దించి మిద్దె మీద పడుకోబెట్టి కట్టేయండి. ఎగిరిపడిన తీగ వీధి లైను మీద పడితే అది మీ నష్టంతో ఆగదు.

అదే సమయంలో ఎండ్‌ఫెడ్ తీగ ఒకటి, దాని ట్రాన్స్‌ఫార్మర్, 5 మీటర్ల కేబుల్, 15 మీటర్ల తాడు, చార్జ్ చేసిన 12 వోల్టుల బ్యాటరీ ఒక సంచిలో సిద్ధంగా ఉంచండి. సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయాక ఊరి నుంచి హైదరాబాద్‌కు మాట చేర్చడానికి 40 మీటర్ల బ్యాండ్, 5 వాట్లు చాలు. గాలి తగ్గాక, తెగిపడిన కరెంటు తీగలు లేవని చూసుకున్నాక, దొరికిన చెట్టుకో మెట్లగదికో కట్టవచ్చు. ఆ తీగను గుండ్రంగా చుట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి పెట్టండి, చీకట్లో విప్పినా చిక్కు పడదు.